పార్కిన్సన్‌లో దిగులు: రెండు శతాబ్దాల వాదన, తేలని ప్రశ్నలు

పార్కిన్సన్ జబ్బు అనగానే వణికే చెయ్యి గుర్తొస్తుంది. డాక్టరు గదిలోనూ మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. వణుకు ఎంత తగ్గింది, నడక ఎలా ఉంది, మాత్ర ఎంతసేపు పనిచేస్తోంది అనే అడుగుతారు. రోగి బతుకు బాగోగులను తేల్చేవి ఇవేనా అని ఆరు దేశాల్లో పరిశీలిస్తే జవాబు వేరుగా వచ్చింది. 2002లో వెలువడిన గ్లోబల్ పార్కిన్సన్స్ డిసీజ్ సర్వేలో జబ్బు తీవ్రత, మందులు కలిసి జీవన నాణ్యతలోని తేడాల్లో 17 శాతాన్ని మాత్రమే వివరించగలిగాయి. మిగతా కారణాల్లో అన్నిటికన్నా బలంగా తేలింది డిప్రెషన్. ప్రశ్నావళితో కొలిస్తే దాదాపు సగం మందిలో ఆ లక్షణాలు కనిపించాయి. తమంతట తాము ఆ మాట చెప్పుకున్నవారు మాత్రం నూటికి ఒక్కరు.

ఈ దిగులు ఎక్కడి నుంచి వస్తోంది? మెదడులో జబ్బు చేసే పనా, బతుకు తలకిందులైనందుకు మనిషి పడే బాధా, లేక మందులూ ఆపరేషన్లూ తెచ్చిపెట్టినదా? రోగితో పాటు కుంగిపోయే భార్యనో, భర్తనో, కోడలినో ఏ లెక్కలో వేయాలి? ఈ ప్రశ్నలపై పరిశోధన గుట్టలుగా పెరిగింది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్నకు అంటగట్టడంతో చర్చ చిక్కుబడింది కూడా. ఇప్పటిదాకా ఏం తేలింది, ఏం తేలలేదు అని ఒకసారి సరిచూసుకోవడమే ఈ వ్యాసం పని.

బుద్ధికి లోపం లేదన్న తొలి తీర్పు

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల ఆధారంగా వణుకుడు జబ్బు మీద చిన్న పుస్తకం రాశాడు. ఆ ఆరుగురిలో కొందరు ఆయనకు వీధిలో తారసపడ్డవాళ్లే. ఇంద్రియాలకూ బుద్ధికీ ఈ జబ్బు హాని చెయ్యదని ఆయన నిర్వచనంలోనే చేర్చాడు. ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు స్థిరపడేలా చేసిన పారిస్ వైద్యుడు షార్కో దీన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. జబ్బు ముదిరాక మనసూ జ్ఞాపకమూ మసకబారతాయని పాఠాల్లో చెప్పాడు. హఠాత్తుగా కలిగిన భయమో దుఃఖమో జబ్బును మొదలుపెట్టవచ్చని కూడా అనుకున్నాడు. అయినా పాఠ్యపుస్తకాల్లో నిలిచింది పార్కిన్సన్ తీర్పే. ఇది కదలికల జబ్బు, మనసుతో దీనికి పనిలేదు అన్నదే చాలాకాలం నడిచిన మాట.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాదన ఇంకో కొసకు పోయింది. కోరికలను అణచుకునే, నియమాలు తప్పని, గంభీరమైన మనుషులకే ఈ జబ్బు వస్తుందనే 'పార్కిన్సన్ వ్యక్తిత్వం' సిద్ధాంతం పుట్టింది. కోపతాపాలు బయటపెట్టని మనిషి చివరికి కండరాలు బిగదీసుకుపోయి బాధపడతాడనే దాకా మనోవిశ్లేషకులు వెళ్లారు. రోగి స్వభావమే దోషి అయిపోయింది. ఈ వాదం అలాగే నిలవలేదు. జబ్బు బయటపడడానికి ఏళ్ల ముందే స్వభావంలో మార్పు కనిపిస్తుందన్న పరిశీలన మాత్రం తర్వాతి కాలంలో మరో అర్థంతో తిరిగి వచ్చింది.

దిశ మార్చింది రసాయనశాస్త్రం. ఆ మలుపులో మన నేల మొక్కలు రెండున్నాయి. మొదటిది సర్పగంధ. దాని నుంచి తీసిన రిసర్పిన్‌ను 1950ల్లో రక్తపోటుకు విరివిగా వాడారు. ఆ మందు వాడినవారిలో కొందరికి పార్కిన్సన్‌ను పోలిన బిగుతు, కొందరికి కుంగుబాటు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి చలనం లేకుండా చేసిన జంతువులకు మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా ఇచ్చి, అవి మళ్లీ కదలడాన్ని 1957లో చూపించాడు. డోపమైన్ మీద చేసిన ఈ పనికే 2000లో నోబెల్ అందుకున్నాడు. రెండోది దూలగొండి. దాని గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు వేరుచేసి చూపారు. రోగుల మెదడులో డోపమైన్ తగ్గిపోయిందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ బృందం తేల్చింది. 1967లో అమెరికాలో కోట్జియాస్ పెద్ద మోతాదుల డోపాతో మంచాన పడ్డవాళ్లను నడిపించాడు.

ఈ విజయం మనసును మళ్లీ పక్కకు నెట్టింది. కాళ్లూ చేతులూ ఆడితే దిగులు దానంతటదే పోతుందనుకున్నారు. అలా జరగలేదు. మెదడువాపు తర్వాత దశాబ్దాలు కదలిక లేకుండా ఉండిపోయినవారికి లెవోడోపా ఇస్తే ఏమైందో ఆలివర్ సాక్స్ 1973లో 'అవేకెనింగ్స్' పుస్తకంలో చెప్పాడు. మేల్కొన్న శరీరాలతో పాటు ఉద్వేగాలూ, కోరికలూ, భ్రమలూ ఎలా మేల్కొన్నాయో అందులో ఉంది. అయినా మామూలు క్లినిక్ మారడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. న్యూరాలజిస్టులు తమ ముందు కూర్చున్న రోగుల డిప్రెషన్‌ను సగానికి పైగా సందర్భాల్లో గుర్తించలేకపోతున్నారని 2002లో షుల్మన్ బృందం చూపింది. కదలికతో సంబంధం లేని లక్షణాలను అడిగి తెలుసుకోవడానికి లండన్‌లోని కె. రే చౌధురి, ఆయన సహచరులు 30 ప్రశ్నల పట్టికను 2006లో తెచ్చారు. మలబద్ధకం, నిద్ర, వాసన తెలియకపోవడంతో పాటు దిగులూ ఆ కాగితం మీదికి ఎక్కింది.

మొదటి వాదం: మూలం మెదడులోనే ఉంది

ఈ వర్గం చెప్పేది సూటిగా ఉంటుంది. పార్కిన్సన్ డోపమైన్‌ను ఒక్కదాన్నే దెబ్బతీయదు. మనసు స్థిమితానికి అవసరమైన సెరటోనిన్, నోర్‌అడ్రినలిన్ కణాలనూ తినేస్తుంది. 2003లో జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ బృందం ప్రతిపాదించిన దశల ప్రకారం జబ్బు ముందుగా మెదడు కాండం అడుగుభాగంలో, వాసన కేంద్రంలో మొదలవుతుంది. ఈ రెండు రసాయనాల కేంద్రాలను తాకాకే కదలికలను నడిపే నల్ల కణాల దగ్గరికి వస్తుంది. అంటే వణుకు కన్నా ముందే దిగులు మొదలుకావచ్చు. డిప్రెషన్‌తో చికిత్స పొందినవారిలో తర్వాత పార్కిన్సన్ వచ్చే అవకాశం ఎక్కువని స్కాండినేవియా దేశాల ఆరోగ్య రికార్డులూ చూపాయి. రాబోయే జబ్బు సంగతి తెలియని మనిషి దాని గురించి దుఃఖించలేడు కదా అన్నది వీళ్ల బలమైన తర్కం.

రెండో సాక్ష్యం గడియారంలో ఉంది. లెవోడోపా ప్రభావం ఉన్న గంటలను రోగులు 'ఆన్' అంటారు, అది దిగిపోయిన గంటలను 'ఆఫ్' అంటారు. పొద్దున ఏడింటికి వేసుకున్న లెవోడోపా మాత్ర సిండోపా పదిన్నరకు దిగిపోతుందనుకుందాం. కాళ్లు నేలకు అతుక్కుపోవడంతో పాటు గుండెదడ, చెమటలు, ప్రాణం పోతోందన్నంత భయం కూడా కొందరిలో అప్పుడే మొదలవుతాయి. తర్వాతి మాత్ర ఎక్కిన అరగంటకో గంటకో భయం దిగిపోతుంది. మాత్రను పప్పన్నం, పెరుగన్నంతో కలిపి వేసుకుంటే మాంసకృత్తులు లెవోడోపాకు పోటీకి వచ్చి ఆలస్యం ఇంకా పెరగవచ్చు. ఇలా గడియారం ప్రకారం వచ్చిపోయే భయాన్ని బతుకు మీది బెంగ అని కొట్టిపారేయలేం.

ఈ వాదానికీ బలహీనతలున్నాయి. బ్రాక్ దశలు రోగులందరికీ సరిపోవని శవపరీక్షల అధ్యయనాల్లో తేలింది. రిసర్పిన్ నిజంగా కుంగుబాటు తెస్తుందా అన్నదానిపైనే తర్వాత సందేహాలు వచ్చాయి. అన్నిటికీ మించి, అందరి మెదళ్లలోనూ కణాలు చస్తున్నా అందరూ కుంగిపోవడం లేదు. 2008లో రైండర్స్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పట్టించుకోదగ్గ కుంగుబాటు లక్షణాలు 35 శాతం మందిలో, తీవ్రమైన డిప్రెషన్ 17 శాతం మందిలో తేలాయి. మిగతావాళ్లను ఏది కాపాడుతోందో రసాయనాలు ఒక్కటే చెప్పలేవు.

రెండో వాదం: ఇది మనిషి పడే దుఃఖం

ఈ వర్గం రోగి చుట్టూ ఉన్న లోకాన్ని చూస్తుంది. జబ్బు లాక్కునేవి చిన్నచిన్న పనులు, కానీ ఆ పనులతోనే మనిషికి నలుగురిలో మర్యాద. పెళ్లి భోజనాల బంతినే తీసుకోండి. చారు కలిపిన అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపు సగం విస్తరిలో, సగం పంచె మీద పడుతుంది. పక్కవాళ్లు చూడనట్టు తల తిప్పుకుంటారు. ఆ తల తిప్పుకోవడమే మరీ గుచ్చుకుంటుంది. తర్వాతి పెళ్లికి ఒంట్లో బాగోలేదన్న సాకు సిద్ధంగా ఉంటుంది. అక్షరాలు రానురాను చిన్నవైపోయి బ్యాంకులో సంతకం కలవదు. గొంతు పూడుకుపోయి ఫోన్‌లో అవతలివాళ్లు 'హలో హలో' అంటూ పెట్టేస్తారు. చూసినవాళ్లు తాగి తూలుతున్నాడనుకునే ప్రమాదమూ ఉంది.

నయం కాదు, ముదురుతూనే ఉంటుంది అని తెలిసిన జబ్బుతో బతికే ఎవరికైనా దిగులు రాదా అని వీళ్లు అడుగుతారు. వీళ్లకున్న మంచి సాక్ష్యం చికిత్స వైపు నుంచి వచ్చింది. 2011లో రోజ్‌మేరీ డాబ్కిన్ బృందం 80 మంది రోగులతో చేసిన పరీక్షలో ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే మాటల చికిత్స (సీబీటీ) మామూలు పర్యవేక్షణ కన్నా బాగా పనిచేసింది. చూసుకునే కుటుంబసభ్యులకూ అందులో కొన్ని తరగతులు నడిపారు. మాటతో తగ్గేదంతా దుఃఖం వల్లే పుట్టిందని కాదు. కానీ మాటకు చోటుందని రుజువైంది.

వీళ్లకు ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, దుఃఖానికి నష్టమే కారణమైతే నష్టం ఎక్కువైనకొద్దీ దుఃఖమూ పెరగాలి. వైకల్యానికీ డిప్రెషన్‌కూ సంబంధం ఉన్నా అది అంత సూటిగా లేదు. జబ్బు పేరు విన్న కొత్తలోనే కూలిపోయేవాళ్లున్నారు. చక్రాల కుర్చీలో కూర్చుని నిబ్బరంగా ఉండేవాళ్లూ ఉన్నారు.

మూడో వాదం: చికిత్సే మనిషిని మార్చేస్తోంది

ఈ వర్గం ఆలస్యంగా వచ్చి చర్చను కుదిపేసింది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్‌ను అనుకరించి పనిచేస్తాయి. 2010లో డేనియల్ వైన్‌ట్రాబ్ బృందం అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరిశీలిస్తే 13.6 శాతం మందిలో అదుపులేని జూదం, కొనుగోళ్లు, తిండి, లైంగిక ప్రవర్తనల్లో ఒకటో రెండో కనిపించాయి. ఈ రకం మందులు వాడేవారిలో అది 17.1 శాతం, వాడనివారిలో 6.9 శాతం. నలభై ఏళ్లు పైసా పైసా లెక్క చూసుకున్న మనిషి ఉన్నట్టుండి అప్పులు చేస్తే ఇంట్లోవాళ్లకు అది మందు చేసిన పనిగా తోచదు, గుణం మారిందనే తోస్తుంది. సిగ్గుతో బయట చెప్పుకోరు, డాక్టరుకు అసలే చెప్పరు.

మెదడులో తీగలు అమర్చే డీబీఎస్ ఆపరేషన్ ఇంకో కోణం చూపింది. గ్రెనోబుల్‌లో బెనబిద్ 1987 నుంచి అభివృద్ధి చేసిన ఈ పద్ధతి కదలికలను ఎంతో మెరుగుపరుస్తుంది. 2006లో పారిస్ వైద్యులు ఆపరేషన్ తర్వాత 29 మందిని లోతుగా ఇంటర్వ్యూ చేశారు. కదలికలు బాగుపడినా చాలామందికి తమతో తామే కుదరడం లేదు, పెళ్లిళ్లలో చీలికలొచ్చాయి, ఉద్యోగానికి తిరిగి వెళ్లాలన్న కోరిక కొందరిలో పోయింది. ఇన్నేళ్లు రోగిగా ఒకరు, నర్సుగా ఒకరు ఒదిగిపోయిన జంటకు ఆ పాత్రలు హఠాత్తుగా రద్దయితే ఏం చెయ్యాలో తెలియలేదు. ఆపరేషన్ అయ్యాక మందులు ఒక్కసారిగా తగ్గించడంతో కొందరిలో నిరాసక్తత బయటపడిందని మరికొన్ని అధ్యయనాలు చెప్పాయి.

ఈ వాదాన్ని మందుల మీద భయంగా మార్చడం తప్పు. మాత్రలు మానేస్తే కదలికే కాదు, మనసూ కుప్పకూలుతుంది. 2010లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో ప్రామిపెక్సోల్ కుంగుబాటు లక్షణాలను తగ్గించింది కూడా. ఒక మనిషిని జూదంలోకి నెట్టిన మందే మరొకరి దిగులు తీర్చగలదు.

ఒకే పేరుతో పిలిచే నాలుగు కష్టాలు

మూడు వర్గాలూ చాలాకాలం ఒకదానితో ఒకటి వాదించుకున్నాయి. ఆ వాదనలో సగం వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చింది. ఇంట్లో 'నాన్న డల్‌గా ఉంటున్నారు' అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు స్థితులుండవచ్చు.

- డిప్రెషన్: మనసులో బాధ, అపరాధభావం, బతుకు మీద విరక్తి. మనిషి బాధపడుతున్నాడు, ఆ సంగతి అతనికి తెలుసు. మందులు, మాటల చికిత్స రెండిటికీ ఆధారాలున్నాయి.
- నిరాసక్తత: ఏ పనికీ పూనుకోరు, ఏదీ పట్టదు, దాని గురించి బాధా ఉండదు. 1990 ప్రాంతంలో రాబర్ట్ మారిన్ దీన్ని డిప్రెషన్ నుంచి వేరుచేసి నిర్వచించారు. పార్కిన్సన్‌లో దాదాపు 40 శాతం మందిలో ఇది ఉంటుందని 2015లో వచ్చిన సంకలన అధ్యయనం అంచనా. దీనివల్ల రోగి కన్నా పక్కనున్నవారే ఎక్కువ నలుగుతారు. గట్టి ఆధారాలున్న మందు ఇంకా లేదు.
- ముఖ ముసుగు: ముఖ కండరాలు బిగుసుకుపోవడం వల్ల నవ్వూ కోపమూ బయటికి రావు. లోపల మనిషి మామూలుగానే ఉండవచ్చు. ఇది కదలిక లోపం, మనసు లోపం కాదు.
- 'ఆఫ్' గంటల ఆందోళన: మాత్ర దిగినప్పుడు వచ్చి, ఎక్కినప్పుడు పోతుంది. ముందు చూడాల్సింది మాత్రల వేళలను.

ఇవి ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు కాబట్టే వైద్యులూ పొరబడతారు. నిద్రలేమి, నెమ్మదితనం, ఆకలి తగ్గడం లాంటివి పార్కిన్సన్‌కూ డిప్రెషన్‌కూ రెండిటికీ గుర్తులే కావడంతో కొలతల పట్టికలు కూడా ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ చూపుతాయి.

ఇంట్లో జరిగే పొరబాటు ఇంకో రకం. నిరాసక్తతను మొండితనం అనుకుంటారు. ముసుగును ప్రేమ లేకపోవడం అనుకుంటారు. మనవడు మార్కుల కాగితం చూపిస్తే తాతయ్య ముఖంలో ఏమీ కదలదు. పిల్లవాడు మళ్లీ చూపించడు. లిండా టికిల్-డెగ్నెన్, కాథ్లీన్ లయన్స్ చేసిన పరిశోధనల్లో శిక్షణ పొందిన వైద్య సిబ్బంది కూడా ముసుగు ఎక్కువున్న రోగుల స్వభావాన్ని తక్కువగా అంచనా వేశారు. అమెరికా, తైవాన్ రెండు చోట్లా ఈ పొరబాటు కనిపించింది, దాని తీరు మాత్రం సంస్కృతిని బట్టి, రోగి ఆడా మగా అన్నదాన్ని బట్టి మారింది. ఎదుటివారి ముఖంలో, గొంతులో భావాన్ని పట్టుకోవడం కూడా పార్కిన్సన్ రోగుల్లో కొంత తగ్గుతుందని 2010 నాటి సంకలన అధ్యయనం చెప్పింది. అంటే ఇబ్బంది రెండు వైపులా ఉంది.

చూసుకునేవాళ్ల లెక్క ఎవరు రాయాలి?

సంరక్షకులపై పరిశోధన చాలాకాలం వేరే ఖాతాలో నడిచింది. 1980లో జారిట్ తయారుచేసిన భారం కొలిచే పట్టిక మొదట మతిమరుపు రోగుల కుటుంబాల కోసం పుట్టింది. దాన్నే పార్కిన్సన్‌కూ వాడుతున్నారు. 2006లో బ్రిటన్‌లో అనెట్ ష్రాగ్ బృందం చేసిన సర్వేలో చూసుకునేవారిలో 40 శాతానికి పైగా తమ ఆరోగ్యం దెబ్బతిందన్నారు. మూడింట రెండు వంతుల మంది నలుగురిలో కలవడం తగ్గిందన్నారు. దాదాపు సగం మందిలో కుంగుబాటు స్కోరు ఎక్కువగా ఉంది. రోగిలో డిప్రెషన్, భ్రమలు, అయోమయం, పడిపోవడం ఎక్కువైనకొద్దీ ఈ భారం పెరిగింది. నార్వేలో 1999లో ఆర్స్‌లాండ్ బృందం చేసిన అధ్యయనమూ మానసిక లక్షణాల వైపే వేలు చూపింది. ముదిరిన జబ్బులో రోగిని నర్సింగ్ హోమ్‌కు చేర్చడానికి దారితీసేది భ్రమలేనని గోట్జ్, స్టెబిన్స్ 1993లోనే గుర్తించారు. ఎత్తి కూర్చోబెట్టడం కష్టమే. అర్ధరాత్రి లేచి గదిలో ఎవరో ఉన్నారనే మనిషికి సర్దిచెప్పడం అంతకన్నా కష్టం.

ఇక్కడా మూడు చూపులున్నాయి. మొదటిది 'భారం' చూపు. లెక్కకు సులువు, విధానాలు రాసేవారికి ఉపయోగం, కానీ రోగిని బరువుగా మార్చేస్తుంది. ఆ మాట చెవిన పడ్డ రోగి ఇంకా కుంగుతాడు. రెండోది 'సంబంధం' చూపు. జబ్బు ఇద్దరి మధ్య నడుస్తుందని, జబ్బుకు ముందు ఆ దాంపత్యం ఎలా ఉందన్నది తర్వాతి కష్టాన్ని నిర్ణయిస్తుందని అంటుంది. ఇది నిజానికి దగ్గర, కొలవడం కష్టం. మూడోది అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ వివరించిన 'స్పష్టతలేని నష్టం'. మనిషి ఎదురుగా ఉన్నాడు, కానీ తాను పెళ్లాడిన మనిషి అతను కాదు. చావు కాదు కాబట్టి ఏడవడానికి సందర్భం లేదు, పరామర్శకు ఎవరూ రారు. భ్రమలు, మతిమరుపు వచ్చిన దశకు ఇది బాగా సరిపోతుంది. తొలి దశ రోగి ఇంటికి దీన్ని వర్తింపజేస్తే ఉన్న మనిషిని లేడనేసినట్టవుతుంది.

ఆడా మగా తేడా కూడా మరవకూడదు. 2018లో దహోద్‌వాలా బృందం ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మగ రోగుల్లో 88 శాతం మందికి, ఆడ రోగుల్లో 79 శాతం మందికి చూసుకునే మనిషి ఉన్నారు. జబ్బుపడ్డ భర్తకు భార్య దొరికినంత తేలిగ్గా జబ్బుపడ్డ భార్యకు భర్త దొరకడం లేదన్నమాట.

తెలుగు ఇళ్ల దగ్గరికి వస్తే

భారతదేశంలో 2016 నాటికి సుమారు 5.8 లక్షల మంది పార్కిన్సన్ రోగులున్నారని ప్రపంచ జబ్బుల భారం అధ్యయనం అంచనా వేసింది. మన దగ్గర మనసు లక్షణాలపై జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం నిమ్‌హాన్స్, ఎయిమ్స్, హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు వచ్చిన రోగుల మీదే. అక్కడిదాకా రాలేని ఊళ్లలో ఏం జరుగుతోందో వాటి ద్వారా తెలియదు.

పాశ్చాత్య అధ్యయనాల్లో సంరక్షకులంటే సాధారణంగా జీవిత భాగస్వామి. ఇక్కడ కోడలు, కూతురు, జీతానికి పెట్టుకున్న ఆయా కూడా ఉంటారు. మామగారికి పంచె కట్టడం, స్నానానికి సాయపడడం కోడలికీ ఆయనకూ ఇద్దరికీ సంకోచమే. భారం పట్టికల్లో ఈ సంకోచానికి గడి లేదు. ఉమ్మడి కుటుంబం బరువు పంచుకుంటుందన్న నమ్మకం కొంతవరకే నిజం. సలహాలు నలుగురు పంచుకుంటారు, రాత్రి మేల్కొనేది ఒక్కరే.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో మరో చిక్కుంది. వీడియో కాల్ చేసేది తండ్రి మాత్ర వేసుకుని బాగున్న గంటలో. తెర మీద ఆయన కులాసాగా మాట్లాడతాడు. 'నాన్న బాగానే ఉన్నారు కదమ్మా, నువ్వే ఊరికే కంగారు పడుతున్నావు' అని కొడుకు అంటాడు. పదిన్నరకు వచ్చే భయం, అర్ధరాత్రి భ్రమలు చూసిన తల్లి మాటకు విలువ లేకుండా పోతుంది. క్లినిక్‌లోనూ ఇదే జరుగుతుంది. మాత్ర వేసుకుని ఆటో ఎక్కిన రోగి డాక్టరు ఎదుట తన రోజులోని మంచి గంటనే చూపిస్తాడు.

చట్టం కొంత ముందుకొచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాలో పార్కిన్సన్ ఉంది. మానసిక జబ్బుకు కూడా శరీర జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022లో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు రోగులూ చూసుకునేవాళ్లూ ఎవరైనా తెలుగులో ఫోన్ చేయవచ్చు. కానీ వైకల్య సర్టిఫికెట్ కోసం శాతం కట్టేటప్పుడు నడక, చేతి పనితనం లెక్కకొచ్చినంతగా దిగులు, నిరాసక్తత రావు.

చికిత్సల ఆధారం ఎంత గట్టిది?

డిప్రెషన్ మందుల పరీక్షలు ఉన్నాయి కానీ చిన్నవి. 2009లో 52 మందితో చేసిన పరీక్షలో పాత తరం నార్‌ట్రిప్టిలిన్ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగైంది, పారాక్సెటిన్ కాలేదు. 2012లో 115 మందితో చేసిన మరో పరీక్షలో పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ రెండూ మెరుగయ్యాయి. ఒకే మందుకు రెండు ఫలితాలు వచ్చాయంటే, ఇంత చిన్న పరీక్షలతో తీర్పు చెప్పలేమనే అర్థం. వణుకుకు వాడే పాసిటేన్ లాంటి మందులు ముసలివారిలో అయోమయం పెంచుతాయన్నదానిపై మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు. వ్యాయామం మనసుకూ మేలు చేస్తుందని చెప్పే అధ్యయనాలు పెరుగుతున్నాయి. అన్నిటికన్నా పల్చనైన ఆధారం చూసుకునేవారి కోసం చేసే సాయానిది. వాళ్ల కష్టాన్ని కొలిచిన అధ్యయనాలు చాలా ఉన్నాయి, దాన్ని తగ్గించడానికి చేసిన పరీక్షలు కొన్నే.

ఇంకా తేలనివి

జబ్బుకు ముందొచ్చే దిగులు జబ్బు తొలి అడుగా, లేక దిగులే మెదడును జబ్బుకు లోబరుస్తుందా అన్నది తేలలేదు. ఆత్మహత్యల విషయంలో దేశాల మధ్య ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి. కొన్నిచోట్ల ముప్పు మామూలు జనం కన్నా తక్కువని, కొన్నిచోట్ల రెట్టింపని వచ్చింది. నిరాసక్తతకు మందు వెతకాలా, లేక ఇంటివాళ్లకు దాన్ని అర్థం చేయించడమే చికిత్సా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. డీబీఎస్‌కు ముందు దంపతులిద్దరికీ కౌన్సెలింగ్ ఇస్తే తర్వాతి చీలికలు తగ్గుతాయన్నది తర్కానికి నిలుస్తుంది, కానీ పెద్ద పరీక్షల్లో రుజువు కావాలి.

తేలినది ఒకటుంది. మెదడా, బతుకా, మందా అన్న పాత పోటీలో ఎవరూ గెలవరు. ఒకే రోగిలో పొద్దున్నే ఒకటి, సాయంత్రం మరొకటి పనిచేస్తుంటాయి. మూల కారణం తేలేదాకా ఆగాల్సిన పనిలేదు. నాలుగు కష్టాల్లో ఇది ఏది, ఏ గంటలో వస్తోంది, ఎవరిని ఎక్కువ బాధిస్తోంది అన్న మూడు సంగతులు తెలిస్తే చికిత్స మొదలుపెట్టవచ్చు. రోగి దిగులు, చూసుకునేవారి దిగులు రెండు వేర్వేరు ఖాతాలన్న భావనను కూడా వదలాలి. ఒకరి లక్షణాన్ని మరొకరు తప్పుగా చదువుకున్న చోటే కష్టం చేతులు మారుతోంది.

దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. వారం రోజులు మాత్ర వేళలూ మనసు తీరూ పక్కపక్కనే రాసిన కాగితం ఒకటి డాక్టరు చేతికి అందాలి. రోగినీ చూసుకునే మనిషినీ అయిదేసి నిమిషాలు విడివిడిగా అడగాలి. భార్య ఎదుట భర్త చెప్పుకోలేనిది, మామగారి ఎదుట కోడలు అనలేనిది ఆ అయిదు నిమిషాల్లో బయటికొస్తుంది. కిక్కిరిసిన ఓపీల్లో అంత సమయం లేదనే జవాబు నిజమే కావచ్చు. ఆ పని డాక్టరే చెయ్యాలని లేదు. శిక్షణ ఉన్న నర్సు చాలు. ఆ నర్సు పోస్టు మంజూరు చేయాల్సిన బాధ్యత ఎవరిదన్నదే ఇప్పుడు ఈ చర్చలో అడగాల్సిన ప్రశ్న.